త్రాసు సరిగా పట్టుడు

గడచిన ఉగాదినాటి రాత్రి పంచాంగ శ్రవణము ముగిసి, పిల్లల పద్యపఠనము ముగిసి, విస్తళ్ళు లేచిన పిమ్మట అరుగుమీద తాంబూలములు నములుచు కూర్చున్న పదిమంది నడుమ ఒక మాట పడినది. ఆ మాట అనినవారు మాకు చిరకాల మిత్రులు, విశ్రాంత ఉపాధ్యాయులు, మాకంటె ఎక్కువ చదువుకొన్నవారు. "కలకత్తా మైదానమున చునీ గోస్వామి యొక్కడే ఆటగాడు. బలరామును మనవాడని మీరు మోయుచున్నారు గాని, ఆ మోత లేకున్న ఆ పేరు ఎవరికి కావలెను?" అని వారు సెలవిచ్చిరి. నలుగురు నవ్విరి. అంతలో బరంపురమున కళాశాలలో చదువుచున్న కుఱ్ఱవాడొకడు, "బలరాం అనగా ఎవరండీ?" అని అడిగెను.

మొదటి మాటకు మాకు కోపము వచ్చినది. రెండవ మాటకు భయము వేసినది. సంఘ కార్యదర్శిగారు మా ముఖము చూచి, "ఆ కోపమేదో సంచికకు వ్రాసి యిండు" అనిరి. వ్రాయుచున్నాము.

ముందుగా ఒక ఒప్పుదల. మేము బలరామును ఆడుచుండగా చూడలేదు. ఆయన బూట్లు విప్పిన నాటికి మేము నడక నేర్చుచున్న పసివారము. మెట్రిక్యులేషనుతో చదువు ముగించి గుమాస్తా పనిలో జీవితము వెళ్ళబుచ్చినవారము. కాగితమును చదువుట, ఒక కాగితమును మఱియొక కాగితముతో సరిపోల్చుట, ఇంతియే మాకు తెలిసిన విద్య. మా పెదతండ్రిగారు ఖరగ్‌పూరు రైల్వే వర్క్‌షాపులో పని చేసిరి. దసరాకు మెయిలు దిగి దిగపహండి వచ్చినపుడెల్ల వారు చెప్పిన ముచ్చట్లు మా చెవులలో ఇప్పటికిని ఉన్నవి. చూచినవారి మాట చెవితో వింటిమి. ఆటల లెక్క కంటితో చదివితిమి. చునీని పొగడిన మా మిత్రులు సైతము చునీ ఆటను చూచినవారు కారు. కావున ఈ తగవున ఉభయులమును సమానమైన గ్రుడ్డివారమే. ఏనుగు తొండము వారి చేతికి చిక్కినదని వారు అనుకొనరాదు.

పిల్లలకు తెలియుటకై రెండు ముక్కలు. మోహన్ బగాన్ 1889లో పుట్టిన క్లబ్బు. 1911లో వట్టికాళ్ళతో ఆడి, బూట్లు తొడిగిన ఆంగ్ల సైనిక జట్టును ఓడించి షీల్డు గెలిచిన ఖ్యాతి దానిది. ఈస్ట్ బెంగాల్ 1920లో పుట్టినది. తూర్పు వంగదేశమునుండి వచ్చినవారి క్లబ్బని పేరు. మొదటి జట్టు గెలిచిన నాడు కలకత్తాలో రొయ్యలకును, రెండవ జట్టు గెలిచిన నాడు పులసచేపకును వెల పెరుగునని చెప్పుకొందురు. చిల్కా రొయ్యలు మన గంజాం జిల్లావారికి దగ్గరివి గనుక మనము మోహన్ బగాన్ పక్షము వహించుటయే న్యాయమని మా వీథిలో ఒకరు వాదించెడివారు. ఆ వాదమైనను కొంత మేలు. అందులో ఒకరిని తక్కువ చేయుట లేదు.

ఇక చునీ మాట. ఎదుటివాని కక్షను కుదించి చెప్పి గెలిచినవాడు గెలిచినవాడు కాడు. అందుచేత చునీ ఘనతను మా మిత్రులకంటె మేమే నిండుగా చెప్పెదము. సుబిమల్ గోస్వామి 1938 జనవరి 15వ తేదీన నేడు బంగ్లాదేశములో ఉన్న కిశోర్‌గంజ్‌లో జన్మించెను. ఎనిమిదేండ్ల ప్రాయమున మోహన్ బగాన్ పిల్లల జట్టులో చేరెను. 1954లో పెద్దల జట్టులోనికి వచ్చి, 1968 వఱకు ఆడి, మఱియొక క్లబ్బు గడప త్రొక్కకయే విరమించెను. బంతి ఆయన కాలికి జిగురుతో అంటించినట్లుండెడిదని చూచినవారందఱు చెప్పిరి. 1962లో జకార్తా ఆసియా క్రీడలలో భారతజట్టు నాయకుడాయనయే. 1964లో ఆసియా కప్పున రెండవ స్థానము వచ్చినపుడును నాయకుడాయనయే. అంతటితో ఆగక క్రికెట్టు ఆడి, 1966లో ఇందూరులో వెస్టిండీస్ జట్టుపై ఒక్క ఆటలో ఎనిమిది వికెట్లు పడగొట్టెను. 1971-72లో వంగరాష్ట్ర జట్టును రంజీ అంతిమ పోటీకి నడిపించెను. ఇట్టివాడు వేయి మందిలో ఒకడైన పుట్టునా? పుట్టడు. ఈ మాట మేము మనస్ఫూర్తిగనే వ్రాయుచున్నాము.

అయితే మాకొక సందేహము. మనము తూచుచున్నది ఫుట్‌బాల్ ముందువరుస ఆటగానిని. అందులో క్రికెట్టు వికెట్లు ఏల వేయవలెను? వంకాయల తూకమున రాతిగుండును కలిపినట్లు కాదా? చునీ పేరు చెప్పునపుడెల్ల ఆయన క్రికెట్టును, టెన్నిసును, ఆయన రూపమును, మాటనేర్పును, అన్నియును త్రాసులో పడుచున్నవి. బలరాం పళ్ళెములో ఫుట్‌బాల్ ఒక్కటియే ఉన్నది. ఆ యితరములు దించి అప్పుడు చూడుడు.

తులసీదాస్ బలరాం సికిందరాబాదు దండు ప్రక్కనున్న అమ్ముగూడలో పుట్టి పెరిగెను. కలిమి గల ఇల్లు కాదు. అప్పటి హైదరాబాదు ఫుట్‌బాలునకు సయ్యద్ అబ్దుల్ రహీము గారు గురువు. ఆయన తీర్చిదిద్దిన హైదరాబాదు నగర పోలీసు జట్టు 1950 మొదలు 1954 వఱకు వరుసగా ఐదేండ్లు బొంబాయిలో రోవర్స్ కప్పు గెలిచినది. అట్టి రహీము గారి కంట ఈ కుఱ్ఱవాడు పడెను. అమ్ముగూడనుండి హైదరాబాదు మైదానమునకు వచ్చుటకు సైకిలు అద్దెకు డబ్బులు లేవనగా, రహీము గారు తన జేబునుండి ఆ డబ్బు ఇచ్చెనని బలరామే తరువాత చెప్పుకొనెను. ఆ అద్దె సైకిలుమీద వచ్చినవాడు 1956లో మెల్బోర్ను ఒలింపిక్సునకు పోయిన జట్టులో ఉండెను. ఆ జట్టు నాలుగవ స్థానము పొందినది. ఫుట్‌బాలులో మన దేశము ఒలింపిక్సున అంతకు మించి ఎన్నడు ఎక్కలేదు. హైదరాబాదు పక్షమున సంతోష్ ట్రోఫీ గెలిచి, 1957లో ఈస్ట్ బెంగాల్‌లో చేరి, వంగరాష్ట్ర పక్షమునను అదే ట్రోఫీ గెలిచెను.

మా మిత్రుల మొదటి కక్ష యిది: చునీ ఆడిన కాలమున మోహన్ బగాన్ కలకత్తా లీగును తొమ్మిదిమారులు గెలిచినది; బలరాం కాలమున ఈస్ట్ బెంగాల్ ఒక్కమారు గెలిచినది. లెక్క సరియే. 1954, 55, 56, 59, 60, 62, 63, 64, 65 సంవత్సరములు మోహన్ బగాన్‌వి. ఈస్ట్ బెంగాల్‌ది 1961 ఒక్కటి. కాని ఆ లెక్కను మఱియొకవైపు నుండి చదువుడు. 1952లో లీగు గెలిచిన పిమ్మట ఈస్ట్ బెంగాల్ తొమ్మిదేండ్లు ఎదురుచూచినది. 1961లో బలరాం నాయకుడయ్యెను. ఆ యేట లీగు గెలిచినది, షీల్డు మోహన్ బగాన్‌తో కలసి పంచుకొన్నది. ఆ తరువాత మరల లీగు దాని చేతికి వచ్చినది 1966లో. అప్పటికి బలరాం లేడు. నిండు గాదెనుండి గింజ తీసినవానికిని, ఎండిన చేనులో పండించినవానికిని ఒకే కొలపాత్ర పనికివచ్చునా? చునీ ప్రక్కన ఆడినది మోహన్ బగాన్ బలగము. ఆ బలగము చునీ వచ్చిన ఏడాదియే లీగు గెలిచినది. ఒక్క పదునారేండ్ల బాలుడు వచ్చినందుననే గెలిచెననినచో తక్కిన పదిమందికి కోపము రాదా?

రెండవ కక్ష దేశపు జట్టును గూర్చినది. ఇచ్చట మేము కొంచెము నిలిచి వ్రాయవలసియున్నది.

1960లో రోము ఒలింపిక్సున మనకు పడిన ప్రత్యర్థులు హంగేరి, ఫ్రాన్సు, పెరూ. హంగేరి ఆ పోటీలలో కంచు పతకము పొందిన జట్టు. దానిచేతిలో మనము 2-1న ఓడితిమి. మన ఒక్క గోలు బలరాముది. ఫ్రాన్సుతో 1-1న సరిపోయినది. ఆ గోలు జట్టు నాయకుడు పి. కె. బెనర్జీది. పెరూతో 3-1న ఓడితిమి. మన గోలు మరల బలరాముదే. మొత్తము మన దేశము రోములో కొట్టిన గోలులు మూడు. అందు రెండు బలరామువి. చునీ ఆ జట్టులో ఉన్నాడు; ఆయన పేర ఒక్కటియును లేదు. మా మిత్రులు ఉగాదినాడు రోము మాట యెత్తలేదు. ఎత్తకపోవుటకు కారణము ఇప్పుడు పాఠకులకు తెలిసినది.

వారు ఎత్తినది జకార్తా. ఎత్తుడు, మాకేమి భయము? 1962లో మొదటి ఆటలో దక్షిణ కొరియాతో 2-0న ఓడితిమి. థాయిలాండును 4-1న గెలిచితిమి. బెనర్జీ రెండు, చునీ ఒకటి, బలరాం ఒకటి. జపానును 2-0న గెలిచితిమి; బెనర్జీ ఒకటి, బలరాం ఒకటి. ఆ ఆట ఓడినచో మనము ఇంటిదారి పట్టవలసినదే. తరువాత దక్షిణ వియత్నాముపై 3-2. చునీ రెండు, జర్నైల్ సింగు ఒకటి. సెప్టెంబరు 4వ తేదీన లక్షమంది ఎదురు కేకలు వేయుచుండగా మరల దక్షిణ కొరియాపై 2-1. బెనర్జీ ఒకటి, జర్నైల్ ఒకటి. స్వర్ణ పతకము. కూడి చూడగా చునీవి మూడు, బలరామువి రెండు. ఒక గోలు చునీకి ఎక్కువ. ఆ వియత్నాం ఆటలో చునీ లేకున్న స్వర్ణము లేదు. ఈ మాట మేము దాచలేదు, దాచము.

కాని ఎవరు ఎచ్చట నిలిచి ఆడిరో చూడవలదా? చునీ లోపలి ఎడమవైపున, గోలునకు సమీపమున ఆడెను. బలరాం తన క్లబ్బులో నడుమకు వచ్చి గోలులు కొట్టగలవాడై యుండియు, దేశపు జట్టులో ఎడమ అంచునకు జరిగెను. గీతవెంట పరుగిడి, బంతిని లోపలికి అందించుట అంచువాని పని. మా గుమాస్తా లోకములో దీనికి పోలిక వెదకనక్కరలేదు. నోటు తయారుచేయువాడొకడు, సంతకము పెట్టువాడొకడు. పై అధికారులు చదువునది సంతకమునే. ఉద్యోగకాలమున మేము వ్రాసిన నోటుమీద మఱియొకరు సంతకము చేసి మెప్పు పొందిన సందర్భములు మాకు లెక్కకు మించి యున్నవి. ఆ కార్యాలయము పేరు ఇచ్చట అనవసరము. చెప్పవచ్చినదేమనగా, నోటు వ్రాయువాడే అడపాదడపా సంతకమును కూడ చేసి, అదియును హంగేరివంటి జట్టుపై చేసెనన్నచో, వానిని రెండవవాడనుటకు నోరెట్లు వచ్చినది?

మా పెదతండ్రిగారు చెప్పిన ఒక్క ముచ్చట. ఆయన సెలవుపెట్టి కలకత్తా పోయి, గంటలకొలది వరుసలో నిలిచి, చెక్కమెట్లమీద కూర్చుండి ఆట చూచెను. "చునీ బంతిని తీసికొన్నపుడు జనము కేక వేయుదురు. బలరాం బంతిని తీసికొన్నపుడు జనము ఊపిరి బిగపట్టుదురు" అని ఆయన అనెడివారు. ఇది సాక్ష్యము కాదనుడు, ఒప్పుకొందుము. మా పెదతండ్రిగారు ఈస్ట్ బెంగాల్ పక్షపాతి. కాని కేకకును ఊపిరి బిగబట్టుటకును గల భేదమును ఎఱిగినవాడు ఆట తెలిసినవాడే.

మూడవ కక్ష కాలమును గూర్చినది. చునీ పదునైదు ఋతువులు ఆడెను. బలరాం ఆఱు ఋతువులు ఈస్ట్ బెంగాల్‌లోను, ఆపై 1963లో బి. ఎన్. ఆర్. జట్టులోను ఆడెను, అంతే. ఈ కక్షను విన్నపుడు మాకు నిజముగ బాధ కలిగినది. బలరాం ఆట మానలేదు. ఆట ఆయనచేత మాన్పింపబడినది. ఊపిరితిత్తుల జబ్బు పట్టి, ముప్పదియేండ్లు నిండకముందే ఆయన మైదానమునుండి తప్పుకొనవలసి వచ్చెను. ఆ చివరి యేటనే బి. ఎన్. ఆర్. షీల్డు గెలిచినది. ఆ రైల్వే మనకు పరాయిది కాదు. బరంపురం స్టేషను చాలకాలము ఆ రైల్వేకు చేరినదే. మన కుటుంబములలో సగము ఖరగ్‌పూరునకును, కలకత్తాకును పోయి బ్రదికినది ఆ పట్టాలమీదనే. గురువు రహీము గారు కాన్సరుచే 1963 జూనులో కన్నుమూసిరి. శిష్యుడు ఇంచుమించు అప్పుడే బూట్లు విప్పెను. చునీయు దేశపు జట్టునుండి 1964లో, ఇరువదియేడవ యేట, తన యిష్టమున విరమించెను. అనగా దేశము తరఫున ఉభయుల కాలము ఇంచుమించు సమానమే. ఒకడు తలుపు తానే తీసికొని వెడలెను, ఒకనిని జబ్బు వెడలగొట్టినది. జబ్బుపడినవాని సెలవును పనికి ఎగవేతగా వ్రాసిన అధికారిని మేము ఒకరిని ఎఱుగుదుము. మా మిత్రులు అట్టివారు కారు.

ఇక అసలు ముల్లు. "మనవాడని మోయుచున్నారు" అను మాట.

మొదట మా పక్షమువారి తప్పు చెప్పెదము. మనలో కొందఱు బలరాం తెలుగువాడు గనుక గొప్పవాడని చెప్పుచున్నారు. ఆయన తల్లిదండ్రులు తమిళులు. ఈ సంగతి తెలిసిన నాడు వారు ఏమి చేయుదురు? గొప్పతనమును వెనుకకు తీసికొందురా? బలరాం గొప్పతనము రోములో హంగేరి గోలులో ఉన్నది. ఆయన ఇంటి భాషలో లేదు.

కాని "మనవాడు కాడు" అని సంతోషించువారికి మా ప్రశ్న వేఱు. ఇంటిభాషనుబట్టియే మనిషి ఏ నేలవాడో తేల్చుదురా? అట్లయినచో దిగపహండిలో, పెదకిమిడి రాజులు కోటకట్టి యేలిన ఊరిలో, మూడు నాలుగు తరములుగా పుట్టి పెరిగిన మన పిల్లలు ఈ నేలవారు కారా? 1936 ఏప్రిలు 1వ తేదీన మన తాతలు ఇల్లు కదలకయే మద్రాసు రాజధానినుండి ఒడిస్సాలోనికి వచ్చిరి. నాటినుండి నేటివఱకు, "మేము ఇచ్చటివారము, ఈ బడిలో చదివినవారము, ఈ మైదానమున ఆడినవారము" అని చెప్పుకొనుచునే యున్నాము. ఒడియా సోదరులలో పెద్దమనసుగలవారు దానిని ఒప్పుకొనుచునే యున్నారు. ఆ న్యాయమును మనకు కోరుచు, అమ్ముగూడలో పుట్టి, సికిందరాబాదు వీథులలో బంతి తన్ని పెరిగిన తమిళుల బిడ్డకు అదే న్యాయమును మనము ఇయ్యకపోవుట ఏ పాటి ధర్మము? పుట్టిన నేలను లెక్కించుదురా, ఆయన హైదరాబాదువాడు. ఆడిన నేలను లెక్కించుదురా, ఆయన కలకత్తావాడు. ఇంటిభాషను లెక్కించుదురా, తమిళులవాడు. ఏ లెక్క పట్టినను సరే. ఆ లెక్కతోనే మన యిండ్లనుకూడ లెక్కించుకొనవలెను.

ఈ విషయమున కలకత్తా మైదానము మనకంటె తెలివిగలది. తూర్పు వంగదేశమున కిశోర్‌గంజ్‌లో పుట్టిన చునీని మోహన్ బగాన్ తన ముద్దుబిడ్డగా పెంచుకొన్నది. తూర్పువారి క్లబ్బనబడు ఈస్ట్ బెంగాల్‌కు సికిందరాబాదు కుఱ్ఱవాడు నాయకుడయ్యెను. అంతకుముందు 1949లో ఆ క్లబ్బు లీగు, షీల్డు, రోవర్స్ మూడును ఒకే యేట గెలిచినపుడు దాని ముందువరుసను పంచపాండవులని పిలిచిరి: వెంకటేశ్, అప్పారావు, ధనరాజ్, అహమ్మద్ ఖాన్, సాలే. ఐదుగురిలో ఒక్కడును వంగీయుడు కాడు. అప్పారావను పేరు మన వీథిలో ఇంటికొకటి యున్నది. ఆ పేరును వేలమంది వంగీయులు గొంతు చించుకొని కేకవేసిరని మన పిల్లలకు ఎవరు చెప్పిరి?

బిరుదుల సంగతి వ్రాయకున్న మా కోపము తీరదు. ముగ్గురును కలసి ఒకే వరుసలో ఆడిరి. అర్జున పురస్కారము బెనర్జీకి 1961లో, బలరామునకు 1962లో, చునీకి 1963లో వచ్చినది. అంతవఱకు త్రాసు సరిగనే యున్నది. పిమ్మట 1983లో చునీ పద్మశ్రీ అయ్యెను, 1990లో బెనర్జీ పద్మశ్రీ అయ్యెను. బలరామునకు రాలేదు. 2020లో చునీ బొమ్మతో తపాలా బిళ్ళ వెలువడినది, అర్హునికే వెలువడినది. ఆ యేటనే మార్చిలో బెనర్జీ, ఏప్రిలులో చునీ కాలధర్మము నొందిరి. బలరాం ఉత్తరపాడాలో నిరాడంబరముగ దినములు గడపి, 2023 ఫిబ్రవరి 16వ తేదీన కన్నుమూసెను. బ్రదికియుండగా చేయని మర్యాద పోయిన తరువాత చేయుట తేలిక. అదియును ఆయన విషయమున కొంచెమే జరిగినది.

కావున మా తీర్పు, అడిగినవారికి: బంతి పట్టుటలో చునీ మెఱుగు. జట్టునకు పనికివచ్చుటలో, బలమైన ప్రత్యర్థిపై గోలు కొట్టుటలో, అడిగిన చోటికి జరిగి ఆడుటలో బలరాం మెఱుగు. మేము జట్టు కూర్చువారమైనచో మొదటి కాగితముమీద మొదటి పేరు బలరాముదే వ్రాసెదము. మా మిత్రులు వచ్చే సంచికలో జవాబు వ్రాయుదురుగాక. రోములోని మూడు గోలులను మాత్రము దాటిపోరాదు.

మఱియొక సంగతి. మన సంఘపు పఠనాలయమున తూర్పు గోడమీద వి. వి. గిరి గారి పటము ప్రక్కన ఒక మేకు ఖాళీగా ఉన్నది. పాత పత్రికనుండి తీసి పెద్దది చేయించిన బలరాం చిత్రమునకు మేము బరంపురమున చట్రము కట్టించితిమి. అద్దముతో సహా వెల చెల్లించితిమి. ఆ కళాశాల కుఱ్ఱవాడు తానే బస్సులో తెచ్చెదనని ఒప్పుకొనెను. మా మిత్రులు చునీ చిత్రమును తెచ్చినచో ప్రక్కన వ్రేలాడదీయుటకు మాకు ఆక్షేపణ లేదు. రెండవ మేకు మాత్రము వారే తెచ్చుకొనవలెను.